కవర్ కుట్టే మిషన్

మా అమ్మాయికి బట్టలు గుచ్చుకుంటాయి. మాటలు వచ్చిన కొత్తలో మెడ వెనక్కి చెయ్యి పెట్టి "ముల్లు, ముల్లు" అని ఏడ్చేది. చూస్తే అక్కడ కంపెనీ పేరున్న చిన్న పట్టీ ఉండేది. దాన్ని కత్తిరించాను. పట్టీ పోయాక భుజం మీది కుట్టు గుచ్చుకుంది, అది సర్దితే పక్క కుట్టు. చివరికి బడికి వెళ్లే వయసులో తనే ఒక ఉపాయం కనిపెట్టింది. చొక్కా తిరగేసి వేసుకుంటే కుట్లు బయట ఉంటాయి, నునుపు లోపల ఉంటుంది. అప్పటినుంచి ఇంట్లో ఎప్పుడూ ఉల్టా చొక్కాయే. బడికి మాత్రం యూనిఫాం కింద తిరగేసిన బనీను తొడిగి పంపేదాన్ని.

నేను సారపాకలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. కుట్టుపని చేసేదాని కూతురు చొక్కా తిరగేసుకుని వీధిలో తిరుగుతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. "ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి" అని ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. దాని చర్మం సంగతి దవాఖానాలో కూడా చూపించాం. పెద్దయ్యాక పోతుందన్నారు. పదహారేళ్లు వచ్చినా పోలేదు.

ఈ వేసవిలో ఇంటర్‌కి ఖమ్మంలో సీటు వచ్చింది, హాస్టల్‌తో సహా. చూడటానికి ఇద్దరం వెళ్లాం. అలవాటు కొద్దీ అది టీషర్టు తిరగేసే వేసుకుంది, బస్సు హడావిడిలో నేనూ గమనించలేదు. హాస్టల్ మేడం కాగితాలు తీసుకుంటూ తలెత్తి చూసి, "ఏందమ్మా, బిడ్డ అంగీ ఉల్టా ఏసుకొచ్చింది? చూస్కోలేదా?" అంది. ఆవిడ మాటలో చెడు ఏమీ లేదు. కానీ వరుసలో ఉన్న ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. మా అమ్మాయి రెండు చేతులూ కట్టుకుని భుజాల మీది కుట్లు దాచుకుంది.

తిరుగు బస్సులో పాల్వంచ వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూనే కూర్చుంది. అప్పుడు అంది, "నేను పోను మమ్మీ."

"బడికి ఎట్ల పోయినవ్ మరి?"

"బడైతే సాయంత్రానికి ఇంటికొస్త. అక్కడ పొద్దంత, రాత్రంత గవే బట్టలు. ఉల్టా ఏసుకుంటే నవ్వుతరు, సీదా ఏసుకుంటే చదువు బుర్రకెక్కదు."

మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. హాస్టల్లో చేరడానికి ఇంకా పదిహేను రోజులే ఉన్నాయి. మానేస్తుందేమోనని నాకు నిజంగానే భయం పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే ఇంట్లో ఉన్న టీషర్టులన్నీ తిరగేసి కూర్చున్నాను. ఇన్నేళ్లు కుడుతున్నాను గానీ ఆ కుట్టు నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు. కింది మడత మీద పైన రెండు నిటారు గీతలు ఉన్నాయి. తిప్పి చూస్తే ఆ రెంటినీ కలుపుతూ వలలా అల్లిక. నా మిషన్ కుట్టు లాగితే టప్పున తెగుతుంది, ఇది మాత్రం గుడ్డతో పాటు సాగి మళ్లీ వెనక్కి వస్తోంది. ఎందుకు సాగుతోంది? ఆ ఎందుకు అన్నది నన్ను వదల్లేదు. కత్తెర తీసుకుని మా ఆయన టీషర్టు మడత పోగు పోగుగా విప్పాను. పైన రెండు దారాలు, కింద ఒకటి. కింది దారం పాములా ఈ గీతనుంచి ఆ గీతకు తిరుగుతోంది. ఆ తిరగడంలోనే సాగుడు దాగుంది.

పేపరు మిల్లులో కాంట్రాక్టు పని చేసే మా ఆయన షిఫ్టు దిగి వచ్చి, "నా అంగీ ఏంజేసినవే?" అన్నాడు.

"పోస్టుమార్టం."

"గుడ్డు మీద ఈకలు పీకుడంటే గిదే" అని స్నానానికి వెళ్లిపోయాడు.

ఫోన్‌లో వెతికితే దాని పేరు కవర్ స్టిచ్ అని తెలిసింది. గుడ్డ అంచును కత్తితో కోస్తూనే దారాలు చుట్టేసే ఓవర్‌లాక్ పనీ, ఈ రెండు గీతల పనీ కలిపి చేసే మిషన్లు ఇళ్లకు కూడా ఉన్నాయట. అలాంటిదొకటి ఉంటే కుట్లు ఉబ్బెత్తుగా లేకుండా నేనే పరిచి కుట్టొచ్చు, దానికి గుచ్చుకోవేమో అనిపించింది. గుడ్డముక్కలూ, విప్పిన ఆ టీషర్టూ సంచిలో వేసుకుని మళ్లీ ఖమ్మం బస్సెక్కాను.

మిషన్ల షాపాయనతో తెలిసినదానిలా అన్నాను, "అన్నా, కవర్ కుట్టే మిషన్ ఉందా?"

"ఏం కవర్లక్కా? బియ్యానియా, మిర్చియా?"

నాకు అర్థమయ్యేలోపే గోడకు రంధ్రాలు వేసే డ్రిల్లింగ్ మిషన్ లాంటిది ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. మార్కెట్‌లో బస్తాల మూతులు కుట్టేది. ప్లగ్గు పెట్టి ఒక ఖాళీ సంచి మూతి బర్రున కుట్టేశాడు కూడా. సిగ్గు ఒకవైపు, ఆ కుట్టు చూడాలన్న ఆత్రం మరోవైపు. ఆత్రమే గెలిచింది. సంచి తీసుకుని మొదలైన కొస లాగాను, కదల్లేదు. ముగిసిన కొస పట్టి లాగాను. సర్రుమని మూతి మొత్తం ఊడొచ్చింది. బియ్యం బస్తా విప్పేటప్పుడు సరైన దారం దొరికితే ఎంత హాయో అందరికీ తెలుసు. గొలుసులా అల్లిన కుట్టు కాబట్టే అలా వస్తుందని ఆ రోజే తెలిసింది.

"ఇది గాదన్నా" అని నా సంచిలోంచి మా ఆయన టీషర్టు తీసి, విప్పని చేతి మడత చూపించాను.

"అరె, ఫ్లాట్‌లాక్ అను మరి! బనీను కుట్టు అన్నా తెల్సుకుందును గద" అని ఆయన పకపకా నవ్వాడు. ఫోన్‌లో కవర్ స్టిచ్ అయింది బజారులో ఫ్లాట్‌లాక్. మా పుట్టిల్లు వేంసూరు వైపు అదీ తెలియదు, అన్నిటినీ ఇంటర్‌లాక్ అనేస్తారు.

రెండు రకాలు చూపించాడు. ఒకటి పెద్ద బల్లతో, పెద్ద మోటారుతో బనీన్ల కంపెనీలు పెట్టుకునేది, అది ఒక్క ఫ్లాట్‌లాకే చేస్తుంది. రెండోది తెల్లగా, చిన్నగా, రెండు పనులూ చేసేది. ఆయన తన గట్టి గుడ్డముక్క మీద కుట్టి చూపించబోతే ఆపాను. షాపు గుడ్డ మీద ఏ మిషనైనా బుద్ధిగానే కుడుతుంది. నా సంచిలోంచి పల్చటి బనీను గుడ్డ, ట్రాక్‌పాంటు గుడ్డ, కుట్లు కలిసి నాలుగు మందాలైన ముక్క తీసిచ్చాను. ఆ మందం దగ్గర రెండు కుట్లు ఎగిరిపోయాయి. నెమ్మదిగా నడిపితే మళ్లీ సరిగ్గా పడ్డాయి.

"ఇప్పుడు ఓవర్‌లాక్ నుంచి ఫ్లాట్‌లాక్‌కు నా ముందే మార్చన్నా."

సూదులు తీసి వేరే చోట బిగించాడు, కత్తి దించాడు, దారాలు విప్పి మళ్లీ ఎక్కించాడు. ఈలోగా నా చాయ్ అయిపోయింది, ఆయన చాయ్ చల్లారిపోయింది. "గిట్ల మాటిమాటికి మార్చాలంటే యాష్టకొస్తది అక్కా. రెండు మిషన్లు వేరే వేరే తీస్కో" అన్నాడు నిజాయితీగానే.

నేను ఆలోచించాను. మాది రెండు గదుల కిరాయి ఇల్లు. పైగా నేను వ్యవసాయం ఇంట్లో పుట్టినదాన్ని. నాటు రోజు నాటే, కలుపు రోజు కలుపే. అన్ని చొక్కాల అంచులూ ఒక రోజు, అన్నిటి మడతలూ మరో రోజు చేస్తే మార్చడం ఒక్కసారే. రిపేరొస్తే తనే చూస్తానని రెండుసార్లు చెప్పించుకుని చిన్న తెల్లదాన్నే తెచ్చుకున్నాను.

అది మూడు రోజులు నన్ను ఏడిపించింది. అడుగున దారాన్ని తిప్పే కొక్కేలుంటాయి, లూపర్లంటారు. ముందు వాటికి దారం ఎక్కించి, సూదులకు ఆ తర్వాత ఎక్కించాలి. నేను అలవాటుగా సూదులతో మొదలుపెట్టేదాన్ని, కింది దారం తెగేది. మళ్లీ అదే, మళ్లీ తెగడం. అమ్మాయి ఆ వైపే చూసేది కాదు.

మొదటి టీషర్టు అయిన రోజు నేను చాలా గర్వపడ్డాను. అచ్చం షాపులో కొన్నట్టే ఉంది. అమ్మాయి వేసుకుంది. అన్నం తినేలోపు విప్పింది, తిరగేసింది, మళ్లీ తొడుక్కుంది.

నా ఒళ్లు మండిపోయింది. "ఇంత చేసినా నీ బుద్ధి మారదానే!" అని అరిచాను.

అది అరవలేదు. చొక్కా అంచు మడిచి నా వైపు పట్టింది. "ముట్టుకొని చూడు మమ్మీ. వల లోపటనే ఉంది."

వేళ్లతో ముట్టుకున్నాను. నావి కుట్టుపని చేసి మొద్దుబారిన వేళ్లు, ఏమీ తెలియలేదు. మణికట్టు లోపలి వైపు రుద్దుకున్నాను. గరగరా తగిలింది. ఇంకోసారి రుద్దుకున్నాను. పదహారేళ్లలో దాని చొక్కాలు ఎన్ని కత్తిరించానో, ఎంత తిట్టానో. దానికి తగిలే చోటు నాకు తగిలించుకుని ఒక్కసారీ చూడలేదు. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది, దాని ముందే ఏడ్చాను.

కాసేపటికి అదే అంది, "మరి గుడ్డను ఉల్టా పెట్టి కుడితే?"

అంత చిన్న మాట మిషన్ కొన్న నాకు తట్టలేదు. భుజాల కుట్లూ, పక్క కుట్లూ బయటికి వచ్చేలా ఓవర్‌లాక్ చేశాను. వాటిని ఒక పక్కకు పడుకోబెట్టి, చొక్కా లోపలి వైపు పైకి పెట్టి ఫ్లాట్‌లాక్ నడిపాను. రెండు నునుపు గీతలు లోపలికి పోయాయి, వల బయటికి వచ్చి అంచుల్ని కప్పేసింది. ఎలాగూ కనపడేదే కదా అని వలకు వేరే రంగు దారం వేద్దామంటే, నీలం గుడ్డ మీదికి పసుపు అదే ఎంచింది. పూర్తయ్యాక కింద వేలాడుతున్న దారం కనిపిస్తే ఊరుకోక లాగింది. సర్రుమని మడత మొత్తం ఊడొచ్చింది.

"బియ్యం బస్తా!" అన్నాను. హాస్టల్ నుంచి వచ్చాక అది నవ్వడం అదే మొదటిసారి. ఆ తర్వాత ప్రతి కొసనూ చేతిసూదితో ముడివేశాను.

చేరే రోజుకు ఆరు టీషర్టులు పెట్టెలో ఉన్నాయి, ఒకటి ఒంటి మీద ఉంది. హాస్టల్లో అదే మేడం. మా అమ్మాయి దగ్గరికి వెళ్లగానే ఆవిడ దాని భుజం మీది పసుపు వల వైపు వంగి చూసింది. "మళ్ల ఉల్టానే ఏసుకొచ్చినవా? ఇది డిజైనా?"

మా అమ్మాయి ఈసారి చేతులు కట్టుకోలేదు. "లేదు మేడం. నాకు సీదా గిదే" అంది. వెనకనున్న పిల్ల ఒకతి ఎక్కడ కొన్నావని అడిగింది.

దాన్ని అక్కడ వదిలి నేనొక్కదాన్నే బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చున్నాక చంక కింద ఏదో గీసుకుపోతున్నట్టు అనిపించింది. తడిమి చూసుకుంటే నా జాకెట్ కుట్టే, నేను కుట్టుకున్నదే. ఇన్నేళ్లుగా వేసుకుంటున్నా ఏనాడూ తెలియలేదు. పాల్వంచ దాటి సారపాకలో దిగేదాకా అది గుచ్చుకుంటూనే ఉంది.