ఆపా ఆపనివ్వని స్ప్రింగు

మొన్న పొద్దున్నే సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది. "సార్, ఆపా ఇగ లేదు" అంది ఆపా చెల్లెలు. ఆపా అంటే ఉర్దూలో అక్క, కాలేజీలో అందరం ఆమెను అట్లాగే పిలిచేవాళ్లం. ఆ మాట విన్నాక కూడా నాకు ముందు గుర్తొచ్చినవి ఆమె నన్ను విసిగించిన సంగతులే. ఏం చేయను, కలిసి పనిచేసిన ఏళ్లన్నీ అట్లాగే గడిచాయి.

కోరుట్లలో ఒకే కాలేజీలో ఆమె ఉర్దూ మీడియం పిల్లలకు, నేను తెలుగు మీడియం పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాళ్లం. ఇద్దరికీ ఒకటే ల్యాబు. నా పీరియడ్ గంట కొట్టినా ఆమె బయటికి వచ్చేది కాదు. స్ప్రింగుకు బరువు తగిలించి, లాగి వదిలి, పిల్లలతో పాటు చూస్తూ నిలబడేది. తలుపు దగ్గర నేను దగ్గితే, "ఆగు తమ్మీ, ఇంకా ఊగుతాంది" అనేది.

"మొత్తం శక్తి మారదని పుస్తకంలో ఉంది కదా ఆపా, చెప్పి వదిలేయొచ్చు కదా" అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో!

"మరి ఎందుకు ఆగుతది? శక్తి ఏడికి పోయింది? గా సంగతి చెప్పకుంటే ఏం చెప్పినట్టు?"

ఒక ఏడాది ప్రాక్టికల్స్‌కు జగిత్యాల నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. అందరి పేపర్లలోనూ శక్తి మొదట ఎంతో చివరా అంతే. ఆపా క్లాసులో ఒకమ్మాయి మాత్రం తను కొలిచిందే రాసింది, ఊపు తగ్గేకొద్దీ శక్తి కూడా తగ్గుతోందని. ఆయన అడ్డంగా కొట్టేశాడు. "శక్తి తగ్గదమ్మా, గింత కూడా తెల్వదా?" ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆపా స్ప్రింగును లాగి వదిలింది. "కూసోండ్రి సార్. ఇది ఆగేదాక సూద్దాం."

ఆయన గడియారం చూసుకున్నాడు. నాకు కడుపు కాలిపోతోంది, ఎవరమూ అన్నం తినలేదు. ఆయన విసుగొచ్చి స్ప్రింగు మీద చెయ్యి వేయబోతే ఆపా కసిరింది. "ముట్టద్దు సార్! దానంతట అదే ఆగాలె."

ఎంతసేపటికో ఆగింది.

"మీ శక్తి ఏది సార్?"

"కొంత గాలికి పోయింది. కొంత స్ప్రింగులనే వేడయింది" అని గొణిగాడు.

"మా బిడ్డ గదే రాసింది. జర కింది లైను సదువుండ్రి."

చదివాడు. మార్కులు దిద్దాడు. ఆలోగా ఆయన ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. ఆ ఎండలో ఆయన్ని బండి మీద జగిత్యాల దాకా దింపింది ఎవరు? నేనే. దారంతా ఆయన సణుగుడు, నా ఆకలి.

ఆ తర్వాత నేనూ ఆ పాఠాన్ని ఒక్క ముక్కలో చెప్పి వదిలేయలేకపోయాను. ప్రతి ఏడూ నా సిలబస్ వెనకబడిందంటే ఆ పుణ్యం ఆమెదే.

ఆ రోజు ఆయన్ని ఎక్కించుకొని బండి గేటు దాటుతుంటే కోపంగా వెనక్కి చూశాను. వరండాలో ఆపా, విప్పని టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకొని, చేతిని కిందికీ పైకీ ఊపుతూ ఏదో చెప్తూనే ఉంది. ఆ పిల్ల చున్నీతో ముఖం తుడుచుకుంటూ నవ్వుతోంది.