షటరు ఎత్తకుండా చేసిన రిపేరు

మా తొర్రూరు మెకానిక్ చాచా మొన్న శుక్రవారం కన్నుమూశారు. ఆయన పెద్ద కొడుకు ఫోన్ చేసి, “అక్కా, అబ్బా పోయిండు” అని చెప్పాడు. ఎప్పుడు, ఎలా అని అడుగుతూ ఉండిపోయాను. ఈలోగా పొయ్యి మీద పోపు మాడింది. మాడు వాసనకు చాచా గుర్తుకు రావడం నాకు కొత్తేమీ కాదు. ఎందుకో చెబుతాను.

ఊరివాళ్లకు ఆయన బస్టాండు వెనక రేకుల షెడ్డులో కూర్చునే మెకానిక్. నాకు మాత్రం, మా అమ్మను మరికొన్నేళ్లు నా దగ్గర ఉంచిన మనుషుల్లో ఒకరు. ఇది పెద్ద మాటలా వినిపించవచ్చు. ఆయన వింటే తల అడ్డంగా ఊపి, “నీ కారు బాగు చేసిన, గంతే” అనేవారు.

బండి వచ్చి షెడ్డు ముందు ఆగితే చాచా లేచేవారు కాదు. ఇంజన్ ఆపొద్దని చేత్తో సైగ చేసి, చాయ్ సాసర్లో పోసుకుని, కళ్లు మూసుకుని వింటూ కూర్చునేవారు. తెలియనివాళ్లు ఈ ముసలాయన నిద్రపోయాడేమో అనుకునేవాళ్లు. పడుచు వయసులో కోస్తా వైపు ఏదో పట్నంలో ఓ షెడ్డులో పనిచేశారట. ఈయన నోరు తెరిస్తే చాలు, అక్కడి యజమాని ఆ యాసను వెక్కిరించి వచ్చినవాళ్లందరినీ నవ్వించేవాడట. ఆ సంగతి ఆయన నాకు కోపం లేకుండానే చెప్పారు. “నవ్వుతున్నరని నోరు మూసుకున్న బిడ్డా. నోరు మూసుకుంటే చెవులు తెరుసుకున్నయ్.” ఆయనకు లేని కోపం నాకు వచ్చింది. ఇప్పటికీ ఉంది.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె సాగుతున్న రోజులవి. ఇప్పుడు తలుచుకుంటే అన్నీ మంచులోంచి చూసినట్టే కనిపిస్తాయి. బస్సుల్లేని రోడ్డు, రోడ్డు నడుమ రాళ్ల పొయ్యిల మీద ఉడికే అన్నం, ఎక్కడో మోగుతూ దగ్గరికి వచ్చినట్టే వచ్చి దూరమైపోయే డప్పు, ఇరువైపులా తెల్లగా విచ్చుకున్న పత్తి చేలు. టీచర్లం మేమూ సమ్మెలోనే ఉన్నాం. చాచా షటరు దించి, ఎదురుగా వేసిన టెంటులో పొద్దున్నే వెళ్లి కూర్చునేవారు. సమ్మె ముగిసేదాకా షటరు ఎత్తనని అందరి ముందూ మాటిచ్చారు.

మా అమ్మకు అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు వరంగల్ తీసుకెళ్లి మిషన్ మీద రక్తం శుభ్రం చేయించాలి. ఒక్కసారి తప్పినా ముఖం ఉబ్బిపోయేది. పడుకుంటే ఊపిరి ఆడక, గోడకు ఆనుకుని కూర్చునే ఉండేది. చెల్పూరు కరెంటు ప్లాంటులో పనిచేసే మా అన్న తన పాత కారును మాకు ఇచ్చేశాడు. నాకు నడపడం నేర్పింది చాచాయే. ఆ కారుకు వెనక చక్రాలకు కూడా డిస్కు బ్రేకులే. ప్యాడ్లు అరిగి, డిస్కు ప్లేట్లకు గాట్లు పడ్డాయని ఆయనే జనగామ దాకా వెళ్లి కొత్తవి తెచ్చారు. సమ్మె మొదలయ్యే ముందురోజు వాటిని బిగించి, ఇక నిశ్చింతగా తిరగమన్నారు.

ఆ కొత్త బ్రేకులతో మొదటిసారి అమ్మను తీసుకుని వరంగల్ బయలుదేరాను. ఊరు దాటి కొంచెం దూరం పోయామో లేదో, “బిడ్డా, ఏందో పెనం మీద మాడుతున్నట్టున్నది” అంది అమ్మ వెనక సీట్లోంచి. కారు కూడా ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బరువుగా లాగుతోంది. దిగి చూస్తే వెనక చక్రాల దగ్గర మొహానికి సెగ కొట్టింది. మధ్యాహ్నంలోపు చేరకపోతే ఆసుపత్రిలో అమ్మ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. అలాగని ఆ బ్రేకులను నమ్మి అంత దూరం పోలేను. మెల్లగా వెనక్కి తిప్పాను.

చాచా టెంటులోంచి లేచి వచ్చారు. అమ్మ ముఖం చూశారు, చక్రాల వైపు చూశారు. తరువాత షెడ్డు వెనక్కి వెళ్లి, కిటికీ చువ్వల సందులోంచి చెయ్యి దూర్చి ఒక్కో పనిముట్టూ బయటికి లాగడం మొదలుపెట్టారు. బంద్ అని మనమే చెప్పి మనమే పనిచేస్తే ఎలా అని టెంటులో ఒకతను నిలదీశాడు. అతని తప్పేమీ లేదు. అంతకుముందు రోజే వాళ్లు ఓ హోటలు మూయించి వచ్చారు. చాచా చేతిలో జాకీ పట్టుకునే జవాబిచ్చారు.

“షటర్ మూసే ఉన్నది సూడు. నేను రోడ్డు మీదనే కూసున్న. కూసున్నోని చేతులు గూడ కట్టెయ్యమన్నరా?”

నిలదీసినతనే నవ్వు ఆపుకోలేక వెళ్లి, ముందు చక్రాల కింద పెట్టడానికి రాళ్లు తెచ్చాడు. టెంటులో ఉన్న ఆడవాళ్లు అమ్మను తీసుకెళ్లి చాప మీద కూర్చోబెట్టి కొంగులతో విసిరారు.

జాకీ ఎత్తడానికి ముందే చాచా నాలుగు చక్రాల మీదా వేళ్లతో నీళ్లు చిలకరించారు. ముందువి ఊరుకున్నాయి. వెనకవి రెండూ ఒకేలా చుయ్‌మన్నాయి. ఒక్కటే వేడెక్కితే ఆ పక్క ప్యాడ్లు జరగడానికి ఉండే పిన్ను పట్టేసిందనుకోవచ్చని, రెండూ సమానంగా వేడెక్కితే రెండింటికీ కలిపి ఏదో అడ్డం పడుతోందని ఆయన నాకు చెప్పారు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. అయినా మనసు ఒప్పక రెండు వైపులా పిన్నులు తీసి తుడిచి గ్రీజు పెట్టారు. చక్రాన్ని చేత్తో తిప్పితే తిరగలేదు. పొద్దు పైకి ఎక్కుతోంది. చాప మీద అమ్మ అప్పుడే కాస్త వంగి ఊపిరి తీసుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. చాచా మాత్రం చక్రం మీద చెయ్యేసి, చాయ్ తాగేటప్పటిలా కళ్లు మూసుకున్నారు.

తెరిచేసరికి ఆయన ముఖం మారిపోయింది.

“నా చెయ్యే బిడ్డా” అన్నారు అమ్మ వైపు చూస్తూ. “అక్క భయపడుతదని నేనే బిగించిన.”

అప్పుడు నాకూ గుర్తొచ్చింది. వేసవిలో ఓ రాస్తారోకోలో మా కారు వాగు వంతెన ఎక్కే ఎత్తులో ఆగిపోయింది. హ్యాండ్‌బ్రేకు వేసినా మెల్లగా వెనక్కి జారుతుంటే, అమ్మ సీటును రెండు చేతులా పట్టుకుని వణికిపోయింది. ఆ సంగతి విని చాచా వెనక చక్రాలు రెండింటినీ పట్టే హ్యాండ్‌బ్రేకు కేబుల్‌ను లాగి గట్టిగా బిగించారు. అప్పుడున్నవి అరిగిన ప్యాడ్లు కాబట్టి ఆ బిగింపు వాటికి సరిపోయింది. కొత్త ప్యాడ్లు మందం. హ్యాండ్‌బ్రేకు దించినా ఆ కేబుల్ వాటిని ప్లేటుకు ఆనించే ఉంచుతోంది. కొత్తవి వేసినప్పుడు దాన్ని వదులు చేయాలి. అది ఆయన మరిచిపోయారు.

ఇంకే మెకానిక్కయినా సామాను నాసిరకమనో, నా నడపడం బాగాలేదనో అనేవాడు. ఈయన అంతమంది ముందూ వెళ్లి అమ్మ దగ్గర కూర్చుని, తప్పు తనదేనని చెప్పారు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. “నా పానానికి భయపడి చేసినవ్ తమ్మీ, తప్పెట్లయితది” అంది. చాచా లేచి వచ్చి కేబుల్ నట్టు వదులు చేశారు. చక్రాన్ని వేలితో తోశారు. అది తిరిగింది, ఆగకుండా తిరుగుతూనే ఉంది. టెంటులో వాళ్లు పాట ఆపి దాన్నే చూశారు.

“బ్రేకు పడుతదా లేదా అని అందరు సూస్తరు. ఇడుస్తదా లేదా అని మేం సూడాలె” అన్నారాయన చేతులు తుడుచుకుంటూ. తరువాత నన్ను అడగకుండానే ముందు సీట్లో ఎక్కి కూర్చున్నారు. దారి పొడవునా కిటికీలోంచి తల బయటికి పెట్టి వింటూనే వచ్చారు. రాళ్లు అడ్డం పెట్టినచోటల్లా ఆయనే దిగి, పేషెంటు ఉందని చెప్పి తీయించారు. వాసన రాలేదు. ఎత్తు దిగేచోట కాలు తీస్తే కారు గాల్లో పోతున్నట్టు పోయింది. అమ్మ నిద్రపోయింది.

అమ్మ రాష్ట్రం వచ్చేదాకా ఉంది. ఆ రోజు ఫోన్ కలపమని అడిగి చాచాతో మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో గానీ ఇద్దరూ తెగ నవ్వుకున్నారు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు చాచా కూడా లేరు. వాళ్లిద్దరూ లేని తొర్రూరు రోడ్డు మీద కారు నడపాలంటే నాకు బెంగగా ఉంది.

బ్రేకులు పట్టేసిన ఆ రోజు మేం సమయానికే చేరాం. అమ్మ చేతికి సూదులు పెట్టి మిషన్ నడిపించారు. గొట్టాల్లో రక్తం కదలడం చూడలేక నేను కిటికీ దగ్గరికి వెళ్లాను. కింద ఎండలో మా కారు ఉంది. చాచా నీడకు పోలేదు. వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని, దానికి అరచెయ్యి ఆనించి ఉన్నారు. తమ్మి ఏం చేస్తున్నాడని అమ్మ మంచం మీది నుంచే అడిగింది, చెప్పాను. అమ్మ తృప్తిగా కళ్లు మూసుకుంది. నేను చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. ఆయన చెయ్యి తీయలేదు.