పసుపు పడ్డ కమాన్ పట్టీ

ఇటిక్యాల చౌరస్తాలో వెల్డింగ్ షాపు నడిపే అమానుల్లాకు కోపం రావడానికి కారణం అక్కర్లేదని ఊళ్లో అంటారు. పచ్చి అబద్ధం. కారణం లేకుండా ఆయనకు ఏనాడూ కోపం రాలేదు. కాకపోతే ఆయనకు కనబడినన్ని కారణాలు లోకంలో ఇంకెవరికీ కనబడవు. రాడ్డు తడిస్తే కోపం, కరెంటు పోతే కోపం, చాయ్‌లో చక్కెర ఎక్కువైతే కోపం, తక్కువైతే ఇంకా కోపం. కుర్రతనంలో రాయచూరులో ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్నాడు కాబట్టి తెలుగు, ఉర్దూ, కన్నడం మూడింట్లోనూ తిట్టగలడు. ఒక భాషలో తిట్లు అయిపోతే రెండో దాంట్లోకి దిగుతాడు. రాజోలి నుంచి కోడలిగా వచ్చిన ఆయన భార్య మజీదా ఈయనతో ఇన్నేళ్లు ఎట్లా వేగిందని చుట్టాలు అడిగితే, ఆమె నవ్వి తన పనిలో పడుతుంది.

ఇన్ని తిట్లు తిని కూడా జనం ఆయన దగ్గరికే ఎందుకు వస్తారంటే, అమానుల్లా అతికిన ఇనుము మళ్లీ ఊడదు. ట్రాక్టరు కొక్కెం గానీ, ట్రాలీ ఇరుసు గానీ, బడి గేటు గానీ, ఆయన చేతి నుంచి పోయిందంటే పోయిందే, తిరిగి రాదు. ఆయనకున్న గర్వమల్లా అదొక్కటే. దాని జోలికి మాత్రం ఎవరూ పోకూడదు.

అందుకే ఆ పొద్దున ట్రాలీలో వేసుకొచ్చిన గడ్డికోత బండిని చూడగానే ఆయనకు ఒళ్లు మండిపోయింది. అది కిందటి వారం ఆయనే బాగుచేసి పంపిన బండి.

హైవే పక్కన కొత్తగా లేచిన ఫంక్షన్ హాలు వాళ్లది అది. పెళ్లిళ్లకు వచ్చేవాళ్లు ఫొటోలు దిగడానికి హాలు ముందు పచ్చిక పెంచారు. అంత జాగాకు చేత్తో నెట్టే మిషన్ చాలదని, హైదరాబాదు నుంచి ఒక పాత బండిని, పైన కూర్చుని నడిపేదాన్ని, కొనుక్కొచ్చారు. చూడ్డానికి బుడ్డ ట్రాక్టరులా ఉంటుంది. పచ్చిక అయితే పరిచారు గానీ కింద ఉన్నవి పాలమూరు రాళ్లే కదా, అవెక్కడికి పోతాయి? ఎగిరెగిరి పడీ పడీ బండి చాసిస్ మీద ఇంజను కూర్చునే మౌంటింగులు రెండూ పగుళ్లిచ్చాయి. అమానుల్లా వాటిని చూసి, ఇంత పలుచటి రేకు పెట్టి ఇంజను నిలబెట్టిన మహానుభావుడెవడో వాడి ఏడు తరాలనూ తిట్టిపోసి, ఆ రేకును కోసి అవతల పారేశాడు. దాని బదులు పాత లారీ కమాన్ పట్టీ ముక్కలు పెట్టి అతికాడు.

కమాన్ పట్టీ అంటే లారీ బరువంతా మోసే ఇనుము. దాన్ని అతకడం ఆషామాషీ వ్యవహారం కాదు. ముందు బొగ్గుల మీద బాగా వేడి చేయాలి. ఆ వేడి మీదే వెల్డింగ్ కొట్టాలి. కొట్టిన తర్వాత వేడి బూడిదలో కప్పెట్టి, దానంతట అది చల్లారేదాకా దాని జోలికి పోకూడదు. అమానుల్లా అన్నీ పద్ధతిగానే చేశాడు. చేసి, మర్నాడు నల్లరంగు వేసి, ఇంజను ఎక్కించి పంపాడు. వారం తిరక్కుండా అదే బండి, అదే చోట పగిలి, మళ్లీ షాపు ముందుకొచ్చింది.

బండి వెంట హాలు మేనేజరు శ్రవణ్ కుమార్ మోటారు సైకిలు మీద వచ్చాడు. బండి నడిపే ఈదన్న ట్రాలీలోనే వచ్చి, దిగి, ఒక పక్కకు నిలబడ్డాడు. ఈదన్నది నల్లమలలో ఒక పెంట, అంటే అడవి లోపలి చిన్న గూడెం. అడవిలో పని దొరక్క, భార్య శంకరమ్మను తీసుకుని రోడ్డు పనులకని ఇటు వచ్చి, ఆ హాలు కడుతున్నప్పుడు మట్టి మోసి, కట్టడం అయ్యాక అక్కడే కాపలాకు కుదురుకున్నాడు. గడ్డి బండి వచ్చాక దాన్ని నడపడం నేర్చుకున్నాడు. హాలు వెనక ఒక రేకుల గది ఇచ్చారు. మొగుడూ పెళ్లాలకు పనీ ఇల్లూ అన్నీ అదే.

శ్రవణ్ కుమార్ వచ్చీ రాగానే, పక్కనే ఉన్న జోగులమ్మ చాయ్ హోటల్లో కూర్చున్న నలుగురికీ వినబడేలా అందుకున్నాడు.

"చాచా, ఎల్లుండి పెళ్లి ఉంది. గడ్డి చూస్తే మోకాలి దాకొచ్చింది. నీ వెల్డింగన్న కచ్చాగ ఉండాలె, లేకుంటే ఈ ఈదన్ననే అడ్డగోలుగ నడిపి ఉండాలె. ఏదో ఒకటి నువ్వే చెప్పు. ఇతనిదే తప్పైతే ఇయ్యాల్నే పనిల నుంచి తీసేస్త, రూము ఖాళీ చేపిస్త."

కచ్చా అన్న మాట ఒక్కటే అమానుల్లా చెవిలో పడింది. మిగిలినవేవీ పడలేదు. ఈదన్న "బాయీ" అని ఏదో చెప్పబోతే నోర్మూయమని గుడ్లురిమాడు. బండి దగ్గరికి పోలేదు, వంగలేదు, పగులు ఎక్కడుందో చూడలేదు. నలుగురిలో తన పనిని మాటన్నారు, అంతే.

"నా వెల్డింగ్ పగలదు. నడిపినోన్ని అడుగు," అన్నాడు.

శ్రవణ్ కుమార్‌కు కావలసింది కూడా అదే కాబోలు. సరే అని తలాడించి, బండి సాయంత్రానికల్లా కావాలని చెప్పి, బైకు తిప్పాడు. ఈదన్న అమానుల్లా మొహంకేసి ఒకసారి చూసి, నడుచుకుంటూ హైవే దారి పట్టాడు. పిలిచి కూర్చోబెట్టినవాడు లేడు.

ఇక అమానుల్లా నోటికి అడ్డూ అదుపూ లేకపోయింది. తాడు కట్టి ఇంజను లేపుతూ తిట్టాడు, బోల్టులు విప్పుతూ తిట్టాడు. అడవిలో చెట్లెక్కి తేనె తీసుకునేవాళ్లకు బండ్లెందుకన్నాడు. ఇది అనరాని మాట, అన్నాక తనకే నోరు చేదైంది, అయినా ఆగలేదు. గ్రైండింగ్ మిషన్ పెట్టి పగులు చుట్టూ ఉన్న నల్లరంగును గీకాడు. గీకినాక మిషన్ ఆపి, అద్దాలు తుడుచుకుని వంగి చూశాడు.

వెల్డింగ్ పగల్లేదు. అది మొండిగా అట్లాగే ఉంది. దాని పక్కన కమాన్ పట్టీయే, కత్తితో కోసినంత నున్నగా, ఈ చివర నుంచి ఆ చివరకు చిట్లింది. గుంతల్లో దూకించి దూకించి విరిగిన ఇనుము అట్లా ఉండదు. ఎర్రగా కాలినదాని మీద నీళ్లు పడితేనే అట్లా చిట్లుతుంది. రాయచూరు ఉస్తాదు ఇట్లాంటి ముక్కనొకదాన్ని ఎత్తి చూపించి వీపు చిట్లగొట్టాడు కాబట్టి ఆయనకది చచ్చేదాకా గుర్తుంటుంది. సుత్తితో ఒక దెబ్బ వేసి ఆ ముక్కను రెండు చేశాడు. పగులు లోపల పసుపు ఉంది. ఎండి, ఇనుముకు అంటుకుపోయి, పచ్చగా ఉంది.

అంటే నల్లరంగు వేయకముందే అది చిట్లింది. బండి షాపు గడప దాటకముందే చిట్లింది. ఈదన్న దాన్ని అడ్డగోలుగా నడిపిందీ లేదు, విరగ్గొట్టిందీ లేదు.

నా షాపులోకొచ్చి నా ఇనుము మీద నీళ్లు పోసిన దొంగెవడు అని అమానుల్లా ముక్క పట్టుకుని బయటికొచ్చి అరిచాడు. చాయ్ గిన్నె దించుతున్న జోగులమ్మ కొంచెం కూడా తొణకలేదు.

"దొంగెందుకైతడు, ఈదన్న పోసిండు. బకెట్ నాదే, పసుపు నాదే. దవాఖాన నుంచి వచ్చినోనికి తానం చేపియ్యకుండ ఇంట్లకు ఎట్ల తోల్కపోతరు, గట్లనే దీనికి గూడ చేపియ్యాలె గద అన్నడు. నిన్ను అడిగినంకనే పోసిండు. గుర్తులేదా?"

అడిగాడు. అమానుల్లాకు గుర్తొచ్చింది, గుర్తొచ్చి మింగుడు పడలేదు. ఆ రోజు శుక్రవారం. వెల్డింగ్ అప్పుడే అయింది, బూడిద కప్పాడు, జుమా నమాజుకు వేళ మించిపోతున్నది. చేతులు కడుక్కుని టోపీ పెట్టుకుంటుంటే ఈదన్న వెనకనుంచి వచ్చి, బండికి తానం చేపిద్దామా బాయీ అన్నాడు. ఏమన్నా చేస్కో, నా నెత్తి తినకు అని చెయ్యి విసిరి ఆయన వెళ్లిపోయాడు. నమాజు నుంచి అటే ఇంటికి పోయి, అన్నం తిని, ఒక కునుకు తీసి వచ్చేసరికి ఎండకు నీళ్లన్నీ ఆరిపోయాయి. పాపం ఈదన్న, ఆ బూడిద కూడా మందేమో అనుకుని, బండిని కడిగి పసుపు రాసినాక ఎట్లా ఉన్నదాన్ని అట్లా మళ్లీ కప్పెట్టాడు. బండి నుదుట బొట్టు చూసి అమానుల్లా ముసిముసిగా నవ్వుకున్నాడు కూడా. వేడి ఇనుము మీద నీళ్లు పోయకూడదని ఒక్క మాట చెబితే అయిపోయేది. పక్కవాడికి ఒక్క మాట చెప్పే ఓపిక లేదు గానీ, మూడు భాషల్లో తిట్టే ఓపిక మాత్రం ఉంది ఈ పెద్దమనిషికి.

అమానుల్లా గడ్డి బండి చక్రాన్ని కాలితో ఒక్క తన్ను తన్నాడు. వేలికి దెబ్బ తగిలింది. దానికీ తిట్టాడు, ఈసారి తిట్టింది తననే. ఇంత కోపం ఆయనకు ఇంకెవరి మీదా ఎప్పుడూ రాలేదు. తలుపు కూడా వేయకుండా, ఆ రెండు ముక్కలనూ జేబులో వేసుకుని, మోపెడ్ మీద హాలుకు పోయాడు.

శ్రవణ్ కుమార్ చెప్పినంత పనీ చేశాడు. రేకుల గది తలుపుకు తాళం పడింది. గేటు లోపల గోడవార శంకరమ్మ బొంతలు, సత్తు గిన్నెలు, ఒక పెద్ద వెదురు గంప పెట్టుకుని వాటి మధ్య కూర్చుంది. ఈదన్న ట్రాలీ కోసం గేటు బయటికి తొంగి చూస్తున్నాడు. అమానుల్లా వాళ్లను దాటుకుని నేరుగా ఆఫీసు గదిలోకి పోయాడు. లోపల పెళ్లివారెవరో కూర్చుని ఉన్నారు. ఉంటే ఉండనీ అనుకున్నాడు.

మౌంటింగ్ పగిలింది తనవల్లేనని, వేడి చల్లారకముందే వదిలిపెట్టి పోయానని, ఈదన్న దాన్ని పాడు చేయలేదని, పొద్దున తాను పగులు చూడకుండానే నోటికొచ్చింది వాగానని చెప్పాడు. నీళ్ల సంగతి, పసుపు సంగతి ఎత్తలేదు. ఎత్తితే మళ్లీ ఈదన్న మెడకే చుట్టుకుంటుందని ఆయనకు తెలుసు. శ్రవణ్ కుమార్ పెళ్లివాళ్ల ముందు తన పరువు పోయినట్టు మొహం పెట్టాడు. అయితే ఈ హాలు గేట్లు, షెడ్లు, కుర్చీల పని ఇక నీకు రాదు, గద్వాల నుంచి వేరేవాళ్లను పిలిపించుకుంటానన్నాడు. ఎవరడిగినా కారణం కూడా చెబుతానన్నాడు.

"చెప్పుకో. అమానుల్లా వెల్డింగ్ కచ్చా అని ఇటిక్యాలంత చాటించు. ముందు గా రూము తాళం నా చేతిలో పెట్టు," అన్నాడు అమానుల్లా.

ఆ మాట ఎట్లా అన్నాడో ఏమో, శ్రవణ్ కుమార్ సొరుగు లాగి తాళం చెవి బల్ల మీద పెట్టాడు.

గోడ దగ్గరికొచ్చి అమానుల్లా ఆ చెవిని శంకరమ్మకు ఇచ్చాడు. జేబులోంచి ఇనుప ముక్కలు తీసి, పగులులో పసుపు చూపించి, వేడి ఇనుము మీద నీళ్లు పడితే ఏమవుతుందో ఈదన్నకు చెప్పాడు. చెబుతూ చెబుతూ అలవాటు కొద్దీ గొంతు లేచింది. ఇది నాకు ముందే ఎందుకు తట్టలేదు, నువ్వన్నా గట్టిగా ఎందుకు అడగలేదు అనేదాకా పోయింది.

ఈదన్న ఆ ముక్కలను చేతిలోకి తీసుకుని, వేలితో పసుపును తడిమి, మళ్లీ ఆయన చేతిలోనే పెట్టాడు. ఈ ఊరొచ్చాక ఈదన్న గొంతు పెంచడం ఎవరూ వినలేదు. ఇప్పుడూ పెంచలేదు.

"నేను తెల్వక నీళ్లు పోసిన బాయీ. నువ్వు చూడకనే నా నోట్ల మన్ను గొట్టినవ్. ఇనుమునైతే గీకి గీకి చూస్తవ్. నన్ను ఒక్కపారి చూస్తే ఏం పోయె నీకు?"

అమానుల్లా నోరు తెరిచాడు. తెలుగులో మాట రాలేదు, ఉర్దూలో రాలేదు, కన్నడంలోనూ రాలేదు. శంకరమ్మ లేచి, బొంతలు చంకన పెట్టుకుని, వాళ్లిద్దరి వంకా చూడకుండా గది వైపు నడిచింది. ఈదన్న గిన్నెలు ఎత్తుకున్నాడు. వెదురు గంప ఒక్కటే మిగిలింది. అమానుల్లా వంగి దాన్ని ఎత్తి నెత్తిన పెట్టుకుని వాళ్ల వెనకాల నడిచాడు. ఆఫీసు కిటికీలోంచి శ్రవణ్ కుమారూ పెళ్లివాళ్లూ చూస్తూనే ఉన్నారు.

ఈదన్న వెనక్కి తిరిగి చూశాడు. వద్దని మాత్రం అనలేదు.