బాణం వాలిన కిటికీ

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆమెకు ఒకటి ఉండేది. జీతాల రోజున తప్ప దానితో ఎవరికీ పని పడేది కాదు. నీళ్ల సరఫరా కార్యాలయంలో ఆమె అందరికీ కిటికీలమ్మ. గోడకుండే కిటికీలతో ఆమెకు సంబంధం లేదు. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ తుప్పు పట్టి తెరుచుకోవడం మానేసి చాలా కాలమైంది. ఆమెవి కంప్యూటర్ టెర్మినల్‌లో తెరుచుకునే కిటికీలు. మిగతావాళ్లు విండో అనేవారు. ఆమె నోటికి మాత్రం కిటికీ అనే వచ్చేది.

నల్లటి నేల మీద ఆకుపచ్చటి అక్షరాలు. ఒక్కో పంపుకు ఒక్కో కిటికీ. ఊళ్లో ఎక్కడో ఒక పంపు నిద్రలేస్తే ఇక్కడ ఒక వరుస కదిలేది. ఏదో ట్యాంకులో నీళ్లు గొంతుదాకా వస్తే ఇక్కడ ఒక అంకె పెరిగేది. వరుసలు అడుగున పుట్టి, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పైకెక్కి, అంచు దాటి మాయమయ్యేవి. వాన తలకిందులుగా కురుస్తున్నట్టుంది అనిపించేది ఆమెకు. ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా ఆ వాన మీద విసుగు పుట్టలేదు.

ఆ గదిలో ఎవరి తెర మొరాయించినా పిలుపు ఆమెకే.

"అమ్మాయ్ కిటికీలమ్మా, నా మౌస్‌కి దయ్యం పట్టింది!" అని అరిచేవాడు మూల సీటులోని మీసాల మావయ్య. "పైన పోయిన వరుసలు చూద్దామని చక్రం తిప్పుతానా, అది చూపించదు. నేనెప్పుడో కొట్టిన పాత కమాండ్లు ఒక్కోటీ తవ్వి తీసి ముందేస్తోంది. అచ్చం మా ఆవిడలాగా!"

"అత్తయ్య తవ్వేవి వేరే ఉంటాయిలెండి మావయ్యా. లోపల ఓ ప్రోగ్రాం తెరంతా తన గుప్పిట్లో పెట్టుకుంది. అలాంటప్పుడు మీరు చక్రం తిప్పినా, పైబాణం మీట నొక్కినట్టే అనుకుంటుంది పాపం. దాన్ని మూసెయ్యండి. ఆఁ, ఇప్పుడు తిప్పండి."

వరుసలు బుద్ధిగా వెనక్కి నడిచి వచ్చేవి. మావయ్య మీసం దువ్వుకునేవాడు, తానే బాగుచేసినట్టు.

పని నేర్చుకునేవాళ్లకు ఆమె రెండే చెప్పేది. ముందు చెయ్యి చూడు, తరువాత తెర చూడు. సగం రోగాలు మనిషి మౌస్ పట్టుకునే తీరులోనే ఉంటాయి. రెండోది, ఒకసారికి ఒక్కటే మార్చు. రెండు మారిస్తే ఏది నయం చేసిందో ఎప్పటికీ తెలియదు.

ఆ గది కిటికీలకు ఇంకో అలవాటుండేది. అది ఆమె నేర్పిందే. మామూలుగా ఏ విండోతో పని ఉన్నా ముందు దాని మీద క్లిక్ చెయ్యాలి. అప్పుడే అది మన మాట వింటుంది. ఇక్కడ అలా కాదు. తెర మీద తిరిగే మౌస్ బాణం ఏ కిటికీ మీద వాలితే ఆ కిటికీయే వినేది. ట్యాంకు పొంగుతున్నప్పుడు తలుపు తట్టి నిలబడే తీరిక ఎవరికుంటుంది? కుడిచెయ్యి మౌస్ మీద ఉంచి, బాణాన్ని పక్షిని వదిలినట్టు వదిలి, ఎడమచేత్తోనే పొట్టి కమాండు కొట్టేసేది ఆమె. కొత్తగా వచ్చిన ఇంజినీర్లు కూడా నిలబడి చూసేవారు. చెయ్యి మౌస్ మీద ఉందని కూడా ఆమెకు గుర్తుండేది కాదు.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళకు ఆమె తెర ఆడడం మొదలుపెట్టింది.

చదువుతూ చదువుతూ చూపుడువేలు చక్రం మీద ఆనించడం ఆమెకు అలవాటు. అలా ఆనించగానే వరుసలు రెండు మెట్లు పైకి, ఒక మెట్టు కిందికి, మళ్లీ పైకి. నీటి మీద అక్షరాలు రాసినట్టు. చక్రంలో దుమ్ము చేరిందనుకుని ఊది శుభ్రం చేసింది. తగ్గలేదు. వైరు మార్చింది. తగ్గలేదు. మౌస్ కింద వేసిన పలక మార్చింది. చివరికి పక్క సీటు మౌస్ తెచ్చుకుని, తనది అక్కడ పెట్టింది.

పక్క సీటులో ఉండేది తూనీగ. బక్కపలచగా, ఒక్కచోట నిలవకుండా తిరుగుతుందని మావయ్య పెట్టిన పేరది. బడికెళ్లే కూతురున్న తల్లి. ఈ పనిలో ఓనమాలు దిద్దించింది కిటికీలమ్మే.

"నా మౌస్ నీ దగ్గర ఎలా ఉందే?"

"బానే ఉందక్కా," అంది తూనీగ, తల ఎత్తకుండా.

"నీది నా దగ్గరికొచ్చి పాడైంది. అంటే జబ్బు మౌస్‌లో లేదు. నా సెట్టింగుల్లో ఉందన్నమాట."

తూనీగ ఆమె వైపు ఒక్క క్షణం చూసి, వెంటనే తన తెరలోకి తల దూర్చేసింది.

తరువాతి వారం తెర దానంతటదే కుదుటపడింది. వరుసలు నిలకడగా నిలిచాయి. అయితే కొత్త తంటా వచ్చింది. కిటికీలకు చెవుడొచ్చింది. బాణం వచ్చి వాలినా పలకడం లేదు. క్లిక్ చేసి తట్టి లేపితే తప్ప వినడం లేదు.

"ఇదేంటే, నా కిటికీలు మాట వినట్లేదు?"

"కొత్త అప్‌డేట్ ఏదో వచ్చిందటక్కా. కొన్నాళ్లు అలవాటు చేసుకోండి. క్లిక్కే కదా."

"క్లిక్కే కదా అంటావా! పొంగే పాలగిన్నె దగ్గర అగ్గిపెట్టె వెతుక్కుంటూ కూర్చున్నట్టుంది నాకు."

"పొంగే పాలకి అగ్గిపెట్టె ఎందుకక్కా? పొయ్యి కట్టేస్తే చాలు కదా!"

ఇద్దరూ నవ్వారు. తూనీగ నవ్వు ముందే ఆగిపోయింది.

నాలుగు రోజులు ఓర్చుకుంది కిటికీలమ్మ. ఒకరోజు పొద్దున్నే వచ్చి, ఎవరూ చేరకముందే, తన సెట్టింగులన్నీ వెతికి పట్టుకుని పాత పద్ధతికి తిప్పేసింది. బాణం వాలితే చాలు, కిటికీ వింటోంది. ఊరికే ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి బాణాన్ని తిప్పుతూ, అంచులు వెలగడం చూస్తూ కూర్చుంది. పోయిన చూపు తిరిగొచ్చినంత సంబరం.

ఆ పూటే సంత వైపు ట్యాంకు నిండిపోయింది. ఆ పంపు ఆపాలి. బాణాన్ని ఆ కిటికీ మీద వదిలింది. కుడిచెయ్యి అలవాటుగా మౌస్ మీదే ఉంది. అంకె ఎంత చేరిందోనని గోడ మీది పెద్ద తెర వైపు తల తిప్పి, ఎడమచేత్తో ఆపమని కొట్టేసింది.

సంత పంపు ఆగలేదు. అంకె ఇంకా ఎక్కుతూనే ఉంది. ఏమిటా అని చూసుకునేలోపు ఫోను మోగింది. తూనీగ తీసింది.

ఆసుపత్రి నుంచి ఒక నర్సు గొంతు, దూరంగా కూర్చున్నవాళ్లకు కూడా వినిపించేంత పైకి: "అమ్మా, నీళ్లు ఆగిపోయాయి! డాక్టర్లు చేతులకి సబ్బు పూసుకుని కొళాయి ముందు నిలబడిపోయారు. బల్ల మీద పేషెంటున్నాడు. కాస్త చూడండమ్మా!"

తూనీగ ఫోను భుజానికి నొక్కుకునే తన సీటు నుంచి ఆసుపత్రి పంపు నడిపించింది, సంత పంపు ఆపింది. మళ్లీ నీళ్లు వచ్చాయని నర్సు చెప్పేదాకా ఫోను పెట్టలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. సంత దారి మాత్రం మడమలు మునిగేలా తడిసింది.

కిటికీలమ్మ తన తెర చూసింది. బాణం సంత కిటికీ మీద లేదు. అంచు దాటి, పక్కనున్న ఆసుపత్రి కిటికీలో, అమాయకంగా వణుకుతూ ఉంది.

పై అధికారి వచ్చి నిలబడ్డాడు. కోప్పడలేదు. "ఇన్నేళ్లలో ఇదే మొదటిది. మౌస్ పాడైందని పైవాళ్లకి చెప్తాను లెండి. మీరేం దిగులు పడకండి" అన్నాడు.

"మౌస్ పాడవలేదు సార్. ఎవరో నా సీటు ముట్టుకున్నారు. మొన్న నా కిటికీల పద్ధతి దానంతటది మారలేదు. ఎవరో మార్చారు. ఎవరో తేలేదాకా ఏ కారణమూ చెప్పకండి."

ఆయన వెళ్లాక తూనీగ కుర్చీ జరుపుకుని దగ్గరికొచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"నేనే అక్కా."

"ఏంటి నువ్వే?"

"క్లిక్ పెట్టింది నేనే. చక్రం నెమ్మదిగా తిరిగేలా చేసింది కూడా నేనే. మీరు భోజనానికెళ్లినప్పుడు. అప్‌డేటూ లేదు, ఏమీ లేదు. అబద్ధం చెప్పాను."

"నా సీటు మీద చెయ్యి వేసే ధైర్యం ఎక్కడిదే నీకు? అడగాలనిపించలేదా?"

"ఏమని అడగనక్కా?" అంది తూనీగ. "ముందు చెయ్యి చూడమని మీరే కదా నేర్పారు. చూశాను. చూసి, ఎలా చెప్పాలో తెలీక…"

ఆమె చూపు తన మొహం మీద లేదని కిటికీలమ్మకు అప్పుడు తెలిసింది. ఆ చూపు వెంట తాను కూడా కిందికి చూసింది.

మౌస్ మీద తన కుడిచెయ్యి. దుమ్ము చూసింది. వైరు చూసింది. పలక చూసింది. దీన్ని చూడలేదు. ఎప్పుడూ అక్కడే ఉండేది కనుక.

ఎడమచెయ్యి మౌస్ మీద పెట్టింది. బాణం నిలిచింది, చెరువులో రాయి పడుకున్నట్టు. చేతులు మార్చింది. బాణం గింగిర్లు కొట్టింది. మళ్లీ ఎడమది. మళ్లీ కుడిది. ఒకసారికి ఒక్కటే మార్చింది. ఇంతకంటే శుభ్రమైన పరీక్ష ఆమె తన ఉద్యోగంలో ఎన్నడూ చెయ్యలేదు.

"సరేలే. దొరికింది కదా," అంది. చేతిని ఒళ్లో పెట్టుకుని దాని మీద రెండో చెయ్యి కప్పింది. కింద అది పిట్టపిల్లలా కదులుతూనే ఉంది.

ఇంటికి వెళ్లేసరికి ఆమె భర్త ముందుగదిలో జిగురు ఆరబెడుతున్నాడు. పాత పుస్తకాలకు అట్టలు కట్టే పని ఆయనది. ఆమె మొహం చూసి లేచి వెళ్లి కాఫీ తెచ్చాడు. కప్పులో సగమే ఉంది. కొన్ని నెలలుగా సగమే ఉంటోంది. ఆ సగం తాగాక "ఇంకొంచెం పొయ్యనా?" అంటూ గిన్నె పట్టుకొస్తాడు. పెద్దతనంలో కొత్త సరదాలు అని ఆమె ఆటపట్టించేది.

ఆ రోజు ఆమె కప్పు ముట్టుకోలేదు.

"నిండా పోస్తే ఒలికిపోతుందనా?"

ఆయన వేళ్లకంటిన జిగురు గిల్లుకున్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసండీ మీకు?"

"ఓ రోజు సాసరు చప్పుడు విన్నాను. ఆ తరవాత చెవులు దాని కోసమే వింటూ ఉండిపోయాయి."

"అక్కడ తూనీగా, ఇక్కడ మీరూ. అందరూ కలిసి నాకు తెలీకుండా నన్ను సర్దేశారు. ఒక్కళ్లు నోరు విప్పి ఉంటే ఇవాళ నేను ఆ సెట్టింగు తిప్పేదాన్నా? తెలివిగా బాగుచేశాననుకున్నానండీ. మురిసిపోయాను కూడా."

"చెప్తే నువ్వు ఆ గది వదిలేస్తావని నాకు తెలుసోయ్." ఆయన గొంతు చాలా చిన్నదైపోయింది. "వదిలేసి ఈ గదిలో కూర్చుంటే నిన్ను ఎలా చూడాలో నాకు తెలీదు. అందుకే వీలైనంత కాలం సగమే పోస్తూ ఉందామనుకున్నాను."

ఆమె ఏడవలేదు. ఏడ్చింది ఆయనే, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ, తప్పంతా అద్దానిదే అయినట్టు.

డాక్టరు ఆ వణుకుకు ఒక పేరు చెప్పాడు. మందులు దాన్ని నెమ్మదిగా నడిపిస్తాయి, వెనక్కి పంపలేవు అన్నాడు.

సెలవు ముగిసి వెళ్లిన రోజున కార్యాలయమంతా ఆమెకు దారులు వెతికి పెట్టుకుని ఉంది. క్లిక్ పద్ధతే ఉంచేద్దాం అన్నాడు అధికారి. ఎడమచేతికి అలవాటు చేసుకో అన్నాడు మీసాల మావయ్య. ఎడమచేతి మౌస్ ఒకటి ఎక్కడినుంచో సంపాదించి కూడా తెచ్చాడు. మీరు పక్కన కూర్చుని చెప్తే చాలు, కొట్టేది నేను కదా అంది తూనీగ.

"చెప్తాను. అవతలి గదిలో కొత్తవాళ్లకి నేర్పమన్నా నేర్పుతాను," అంది కిటికీలమ్మ. "పంపులు మాత్రం నా చేతి కింద ఉండకూడదు. ఇవాళ కుడిది. రేపు ఎడమది కూడా మొదలుపెట్టొచ్చు. అది మొదలైన రోజున నాకు తెలుస్తుందని ఏంటి నమ్మకం? మొదటిదే తెలీలేదు. సబ్బు చేతులతో వాళ్లు అలా నిలబడి ఉండడం నా కళ్లలోంచి పోవట్లేదే."

తూనీగ సీటు దగ్గరికి వెళ్లి, ఆమె కుర్చీ వెనక నిలబడింది. పంపులను నడిపే హక్కు ఉన్నవాళ్ల వరుసలోంచి తన పేరు తీసేసే కమాండు చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కో మాటే, కొత్తవాళ్లకు నేర్పేటప్పటి గొంతుతో. ఆ గదిలో ఎవరికీ గుర్తులేని ఆమె అసలు పేరు అక్షరం అక్షరం తెర మీద పడింది. చివరి అక్షరం దగ్గర తూనీగ వేళ్లు ఆగిపోయాయి.

"ఎంటర్ నొక్కు."

"నా వల్ల కాదక్కా."

"పిచ్చిదానా, ఇది బాగుచెయ్యడమే."

"కాదక్కా. నాతో నొక్కించకండి. మీకు దణ్ణం పెడతాను."

కిటికీలమ్మ ఆమె భుజం మీదుగా వంగింది. కుడిచేతి చూపుడువేలు చాచింది. గాలిలో అది ఎటు వాలాలో తెలియనట్టు కాసేపు ఊగింది. తరువాత మీట మీద పడింది, లేస్తూ లేస్తూ ఇంకోసారి తగిలింది.

మొదటి దెబ్బకు పక్క సీటులో ఆమె కిటికీలు ఒక్కొక్కటీ మూసుకున్నాయి. సంతది, ఆసుపత్రిది, గుట్ట మీదిది. రెండో దెబ్బకు ఇక్కడి తెర మీద ఒక ఖాళీ వరుస పుట్టింది. అందులో ఏమీ లేదు. అది కూడా మిగతా వరుసలతో పాటు మెల్లగా పైకి జరిగింది.