ప్యాకింగ్ రోజు చేపల పులుసు

రొయ్య పిల్లల్ని తొట్లలో వదిలిన రోజే, ప్యాకింగ్ నాటి భోజనంలో ఏం వండాలో తేల్చేసింది మా హేచరీకి వచ్చిన కొత్త మేనేజరు. అప్పటికి పిల్లలు కంటికి ఆనవు. అవి పెరిగి, ఆక్సిజన్ నింపిన సంచుల్లో రైతుల చెరువులకు బయలుదేరేదాకా బతుకుతాయో లేదో దేవుడికే తెలియాలి. ఆవిడ మాత్రం ల్యాబ్ గుమ్మంలో నిలబడి, "అక్కా, ప్యాకింగ్ నాడు చేపల పులుసు. మామిడికాయలు నీ వంతు," అంది.

"ముందు వాటిని బతకనీండి మేడం," అని విసుక్కున్నాను.

నాకు ముక్కు మీద కోపం. పైగా పొద్దస్తమానం మైక్రోస్కోపులో కళ్ళు పెట్టి కూర్చునేది నేను. చచ్చినవి అందరికన్నా ముందు కనిపించేది నాకే. ఇక పులుసు మాటలు నా చెవికేం ఎక్కుతాయి?

ఆవిడ వచ్చేముందు వరుసగా రెండు బ్యాచ్‌లు పోయాయి. ఈ మూడోది కూడా పోతే గేటుకు తాళమేనని ఓనరు చెప్పేశారు. బోగోలు వైపు సముద్రం పక్కన హేచరీలకు కొదవ లేదు గానీ, ఈ వయసులో కొత్తగా నన్నెవరు పెట్టుకుంటారని నాకు ఒకటే దిగులు. పాత మేనేజరు నోటికి జడిసి మేమెవరమూ ఏదీ చెప్పేవాళ్ళం కాదు. పిల్లలు చచ్చి తొట్టి తెల్లబడ్డాక ఆయనే కనిపెట్టి అరిచేవాడు. కొత్తావిడకు అరవడం రాదు. రోజూ వచ్చి, పులుసులో మెంతులు ఎంత వేయాలని మాతో వాదించేది. మాకూ నవ్వొచ్చి నాలుగు మాటలు కలిపేవాళ్ళం.

ఒకరోజు పొద్దున తొట్లు చూసే అన్న పరుగెత్తుకుంటూ వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మేడం, నావల్లనే. అడుగున చెత్త తీసేదానికి గాలి ఆపినా. మళ్ళీ తిప్పలా. మరిచిపోయినా."

గాలి అందకపోతే పిల్లలకు ఊపిరి ఉండదు. అతన్ని నాలుగు తిట్టడానికి నోరు తెరిచాను కూడా.

"వెంటనే చెప్పినావు, అదే చాలన్నా. పా, బతికినవి చూద్దాం," అంది ఆవిడ.

గాలి తిప్పి, బీకరులో నీళ్ళు ముంచి వెలుతురుకు పెట్టి చూశాను. సగానికి పైగా ఈదుతున్నాయి. పాత రోజుల్లోలాగా సాయంత్రం దాకా దాచి ఉంటే ఒక్కటీ మిగిలేది కాదు. బతికినవాటిని మంచి నీళ్ళున్న తొట్టిలోకి మార్చాం.

ఇంతలో ఓనరు ఫోను వచ్చింది. తాళం మాట మళ్ళీ ఎత్తారేమో, మాట్లాడాక ఆవిడ మెట్ల మీద కూలబడింది. మెంతుల మాట లేదు, మామిడికాయల మాట లేదు. అది చూసి నాకు నిజంగా భయమేసింది. ఆవిడే డీలా పడితే ఇక మేమెంత?

వెళ్ళి పక్కన నిలబడ్డాను. "మేడం, పులుసులోకి ఏం చేప?"

"తొట్టి పోతా ఉంటే పులుసేందక్కా."

"యాడ పోతా ఉండాది? నేను చూసినా గదా, సగం పైనే ఈదతా ఉండాయి. మామిడికాయలకు మా చెల్లెలికి చెప్పేసినా కూడా."

అప్పటికి చెల్లెలికి చెప్పనే లేదు. తర్వాత ఫోన్ చేశాను. ఆవిడ నా ముఖం చూసి, నేను అబద్ధమాడుతున్నానని కనిపెట్టి నవ్వింది. "అయితే వంజరం తెద్దాంలే," అని లేచి తొట్ల వైపు నడిచింది.

ఆ పిల్లలు నిలబడ్డాయి. ప్యాకింగ్ రోజు ఆఖరి వ్యాను వెళ్ళాక అందరం కలిసి భోజనాలకు కూర్చున్నాం. ఓనరు కూడా వచ్చి మా వరుసలోనే కూర్చున్నారు. అన్నంలో పులుసు కలుపుకుంటూ రెండోసారి వడ్డించుకున్నారు. మేం పోయిన పిల్లల లెక్క, తాళం సంగతి ఆయన నోటి నుంచి ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాం.

ఆయన వేళ్ళు నాకి తలెత్తారు. "వచ్చే బ్యాచ్‌కు ఏం వండతా ఉండారు?"

అందరికన్నా ముందు నా నోరే లేచింది.

"బొమ్మిడాయిల పులుసు సార్. ఈసారి మామిడికాయలు మేడం వంతు."