పేరు కోసం చంపిన ఈగ

తిరుపతిలో మా మిద్దె మీది కరివేపాకు కుండీలో కొన్నాళ్లుగా ఒక ఈగ కనిపిస్తోంది. నువ్వుగింజ కంటే కాస్త పెద్దది. ఒళ్లంతా పచ్చగా మెరుస్తుంది, కాళ్లు సన్నగా పొడుగ్గా ఉంటాయి. దాని పేరు తెలుసుకోవాలని ఫోటోలు తీసి, రేణిగుంటలో ఉండే మా పిన్ని కొడుకు మురళికి పంపాను. వాడు జువాలజీ లెక్చరర్. ఒకేలా కనిపించే జాతులు చాలా ఉన్నాయనీ, ఫోటోతో తేలదనీ, ఈగే కావాలనీ అన్నాడు. మనసొప్పకపోయినా నిన్న దాన్ని మాత్రల సీసాలో పట్టి ఫ్రీజర్‌లో పెట్టాను.

ఈ రోజు తీసుకెళ్లి ఇచ్చాను. మైక్రోస్కోపులో చూసి, "ఇది ఆడదక్కా" అన్నాడు.

"అయితే?"

"ఆడవన్నీ ఒకే మాదిరి ఉంటాయి. మగదాని తోక కొస సూస్తేనే ఏ జాతో తెలిసేది."

"ఆ మాట ముందే చెప్పుంటే దీన్ని చంపుండను గదప్పా!"

"నీ ఫోటోల్లో ఆడో మగో తెలీలేదక్కా. ఇంగొకటి పట్టుకోనిరా, ఈసారి మగది."

"నీకే తెలీనిది నాకెట్ల తెలుస్తాది? మగది దొరికేదాకా అన్నిట్నీ చంపేదా?"

వాడు నవ్వేసి, ఈగను చెత్తబుట్టలో దులిపాడు. ఉంచుకోవా అంటే, "పేరు లేనిదాన్ని యాడ పెట్టుకునేది?" అన్నాడు.

బస్సులో వస్తున్నంతసేపూ నామీద నాకే అసహ్యం వేసింది. రోజూ దాన్ని చూడటం చాలలేదు నాకు, పేరు కూడా కావాల్సొచ్చింది. పురుగుల ఫోటోలు తీసేవాళ్లు చెప్పండి, పేరు తెలియకపోతే మీకూ నిద్ర పట్టదా?