పిల్లికి బెల్లు నేర్పిన మొనగాడు

ఒక పిల్లిని బీరువా మీద నుంచి దించబోయి, మా లైన్లలో, అంటే గనివాళ్ళ వరస ఇళ్ళలో, ఉన్న ముసలివాళ్ళందరినీ గడ్డపారలతో, మోకులతో వీధిలోకి పరుగెత్తించిన ఘనుణ్ణి నేను. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గనుక నవ్వుతూ చెబుతున్నాను. తగిలి ఉంటే ఈ కథ మీకు వాళ్ళు చెప్పేవాళ్ళు. నేను ఊళ్ళో ఉండేవాణ్ణి కాదు.

ముందు నా సంగతి వినండి. కె.జి.ఎఫ్. బంగారు గనుల్లో నా పని బెల్లు కొట్టడం. మనుషుల్ని గనిలోకి దించి, మళ్ళీ పైకి తెచ్చే ఇనుప బోను ఒకటి ఉండేది. దాన్ని నడిపేవాడు పైన ఇంజను దగ్గర కూర్చుంటాడు. కింద ఏం జరుగుతోందో వాడికి కనపడదు. నేను బెల్లు కొడితేనే తెలిసేది. ఒక దెబ్బ కొడితే ఆపు. రెండు కొడితే దించు. ఆపకుండా కొడుతూనే ఉంటే ప్రమాదం, ఎక్కడివాళ్ళు అక్కడినుంచే పరుగెత్తి రండి అని. ఆ చివరి బెల్లు అర్థం మా లైన్లలో చంటిపిల్లలకు కూడా తెలుసు.

గనులు మూతపడ్డాయి. బెల్లు పోయింది, కొట్టే చెయ్యి మిగిలింది.

చాలా ఏళ్ళ తరువాత మా ఇంటికి ఒక పిల్లి వచ్చి చేరింది. తెల్లటి ఒంటి మీద నల్లటి మచ్చలు, ఇడ్లీ బొగ్గుల్లో పడినట్టు. దానికి స్కిప్పు అని పేరు పెట్టాను. గనిలోంచి రాళ్ళు పైకి మోసే పెద్ద బకెట్టును స్కిప్పు అంటారు. పేరు ఊరికే పెట్టలేదు. దానికి నేల అంటే గిట్టదు. పొద్దున ఫ్రిజ్ మీద, పదింటికి టీవీ మీద, మధ్యాహ్నం బీరువా మీద ఉతికి మడిచిన చీరల్లో, సాయంత్రం పొయ్యిగట్టు మీద. ఎందుకెక్కావే అంటే, నేను ఎక్కకపోతే ఎవరెక్కుతారు అన్నట్టు చూసేది.

నా భార్య మునెమ్మ చాలా రోజులు ఓర్చుకుంది. కూతురు శైలజకు బిడ్డ పుట్టి, బాలింతను ఇంటికి తెచ్చుకునే వేళ దగ్గర పడేసరికి ఓర్పు అయిపోయింది.

"ఏమయ్యా, రేపు పసిబిడ్డ ఇంట్లోకి వస్తాది. ఈ పిల్లి ఉయ్యాల్లోకి దూకితే?"

"దూకదులే."

"పొయ్యి మీదికి దూకేది ఉయ్యాల్లోకి దూకదా? మాలూరులో మా తమ్ముడు ఉండాడు. ఇటికెల బట్టీ కాడ ఎలకలు జాస్తి అంట. ఆడికి పంపించేద్దాం."

"బట్టీ కాడికా? దానికి పాలల్లో కాస్త వేడి తక్కువైతే తాగదు."

"అయితే ఎక్కకుండా నేర్పించు. శైలజ వచ్చేలోపల నేర్చుకుంటే ఉంటాది. లేదంటే బస్సెక్కుతాది."

సరే అన్నాను. అనకుండా ఎట్లా? మధ్యాహ్నం నిద్రపోతుంటే నా కడుపు మీద పడుకుని గురగుర మనేది ఆ ఇంట్లో అదొక్కటే. మునెమ్మ గురక వేరే రకం.

ఎలా నేర్పాలి అని ఆలోచించాను. నాకు చదువు వచ్చిన తీరు గుర్తొచ్చింది. మీసాలు నెరిసేదాకా నేను వేలిముద్రగాణ్ణి. అక్షరాలు నేర్పింది మా శైలజే. బడి నుంచి వచ్చి పలక నా ముందు పెట్టేది. అక్షరం సరిగ్గా దిద్దితే నోట్లో బెల్లం ముక్క పెట్టేది. బెల్లం ఆశతోనే నేను గుణింతాలు దాటాను. అంత మొద్దు బుర్రకే చదువు వచ్చినప్పుడు పిల్లి బుర్రకు రాదా? బెల్లం బదులు ఎండుచేప. పలక బదులు బెల్లు.

పిల్లి మెడలో గంట కట్టాలనుకోవడం ఎలకల తెలివి. గోడకు గంట కట్టడం నా తెలివి. పాత రైలు పట్టా ముక్క ఒకటి పెరట్లో పడి ఉంటే, దాన్ని వరండా దూలానికి వేలాడదీసి, కొట్టడానికి ఒక ఇనుప బోల్టు పెట్టుకున్నాను.

స్కిప్పు ఫ్రిజ్ ఎక్కింది. నేను వరండాలోకి పోయి రెండు కొట్టాను. లోపలికి వచ్చి, దాన్ని రెండు చేతులతో దించి, నోటికి ఎండుచేప ముక్క అందించాను. టీవీ ఎక్కింది. రెండు కొట్టాను, దించాను, చేప. ఇట్లా పాఠం సాగింది. కొన్నాళ్ళకు నేను దించే పని కూడా లేకపోయింది. రెండు దెబ్బలు వినగానే అదే దూకి, నా కాళ్ళ దగ్గర నిలబడి నోరు తెరిచేది.

"చూసినావా మునెమ్మా. బెల్లుకు దిగతా ఉండాది."

"దిగేది బాగానే ఉండాది. ముందుకంటే ఎక్కేది జాస్తి అయినట్టుందే?"

"కొత్త చదువు గదా. అభ్యాసం చేస్తా ఉండాది."

"ఇంట్లో ఎండుచేపలు కూడా అభ్యాసానికే అయిపోయినాయి."

ఆ మాటలో ఎంత నిజం ఉందో నా తలకు ఎక్కలేదు. చదవక ముందు కాకరకాయ, చదివాక కీకరకాయ అంటారు. మా స్కిప్పు చదవక ముందు ఫ్రిజ్ ఎక్కేది. చదివాక ఇల్లంతా ఎక్కసాగింది.

శైలజ వచ్చేసింది. ఆటో దిగగానే మునెమ్మ హారతి ఇచ్చి, దిష్టి తీసి, లోపలికి తీసుకుపోయింది. ఇల్లంతా సాంబ్రాణి పొగ, నీళ్ళకాగు, గుడ్డలు. ఆ సందడిలో పొద్దున్నుంచి స్కిప్పుకు ఎవరూ చేప పెట్టలేదు. అది ఫ్రిజ్ ఎక్కింది. బెల్లు లేదు. టీవీ ఎక్కింది. లేదు. బీరువా ఎక్కింది. లేదు. పాపం, బడికి వచ్చిన పిల్ల అయ్యవారి కోసం ఎదురుచూసినట్టు పైనుంచి నా వైపే చూస్తోంది. నేనేమో మనవరాలి మత్తులో ఉన్నాను.

బీరువా పక్కనే ఉయ్యాల. అందులో తెల్లటి గుడ్డల్లో చుట్టిన మూట. పాపను పడుకోబెట్టారని అనుకున్నాను. అనుకుంటూ తలెత్తితే, స్కిప్పు బీరువా అంచున ముందుకాళ్ళు సర్దుకుని, తోక ఆడిస్తూ, ఉయ్యాల వైపు గురిపెట్టి ఉంది.

నా గుండె గనిలోకి జారింది. వరండాలోకి ఉరికి రెండు దెబ్బలు కొట్టాను. దించు అని. శిష్యురాలు చెప్పినట్టే దిగింది. ఎక్కడికి? నేరుగా ఉయ్యాల్లోకి.

ఆ తరువాత నా చెయ్యి నా మాట వినలేదు. ఆపకుండా కొట్టింది. కొడుతూనే ఉంది.

శైలజ వెనక గదిలోంచి వచ్చింది. పాప ఆమె ఒళ్ళోనే పాలు తాగుతోంది. ఉయ్యాల్లో ఉన్నవి ఉతికిన పొత్తిగుడ్డలు. వాటి మీద స్కిప్పు పడుకుని, చేప ఎప్పుడిస్తావు అన్నట్టు నోరు తెరిచింది.

"నాయనా, నిలుపు నాయనా. ఏమైంది?"

నిలిపాను. కానీ అప్పటికే వీధిలో అడుగుల చప్పుడు.

ముందు ఆరోగ్యం అనే మా పాత తోటి పనివాడు వచ్చాడు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అతనిది. ఒంటి మీద చొక్కా లేదు, చేతిలో గడ్డపార. వెనక ఎవరో మోకు తెచ్చారు, ఎవరో నులకమంచం ఎత్తుకొచ్చారు, మోసుకుపోవడానికి. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని గేటు దగ్గరే నిలిచిపోయారు. అందరి వెనక చెంగల్రాయప్ప. మోకాళ్ళ నొప్పులతో కట్టె లేకుండా వాకిలి దాటని మనిషి. ఆ రోజు చేతిలో కట్టె లేదు.

"యాడ కూలింది అన్నా?" అన్నాడు ఆరోగ్యం.

నేను బోల్టును వీపు వెనక దాచుకున్నాను.

"చెప్పు అన్నా, ఎవరుండారు కింద?"

"కింద ఎవరూ లేరు. పిల్లి పైకెక్కింది."

ఆరోగ్యం గడ్డపారను చూసుకున్నాడు, తరువాత నన్ను చూశాడు.

"పిల్లికా ఈ బెల్లు?"

"రెండు కొడదామనే..."

"మేము రెండు ఇనలేదు."

చెంగల్రాయప్ప మెట్టు మీద కూలబడ్డాడు. మోకాళ్ళు రుద్దుకున్నాడు. "గని లేదని నాకు తెలుసు అన్నా," అన్నాడు మెల్లగా. "కాళ్ళకు తెల్లేదు."

పిల్లికి చెలగాటం, ముసలివాళ్ళకు ప్రాణసంకటం. నాకు భూమి చీలితే దూరిపోదామనిపించింది. మా ఊళ్ళో భూమి ఎప్పుడో చీల్చి పెట్టారు గాని, మూత వేసేశారు.

అప్పుడు శైలజ పాపను ఎత్తుకుని వరండాలోకి వచ్చింది. "వచ్చినోళ్ళు వచ్చినారు, బిడ్డను చూసి పోండి మామా," అంది. ఆరోగ్యం గడ్డపార పక్కన పెట్టి, తొట్టి దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చాడు. పాప ఒక్కొక్క ఒడి మారింది. ఆ చేతులన్నీ ఒక్కచోట చేరి ఎన్నాళ్ళయిందో. మునెమ్మ పెద్ద గిన్నెలో టీ పెట్టింది.

విషయమంతా విన్నాక శైలజ ఒకటే అడిగింది.

"నాయనా, చేప దిగినందుకు ఇచ్చినావా, ఎక్కినందుకు ఇచ్చినావా?"

"దిగినందుకే."

"ఎక్కకపోతే దిగేది ఎట్లా? నేలమీద ఊరికే కూర్చున్నప్పుడు ఎప్పుడన్నా ఇచ్చినావా?"

ఇవ్వలేదు. ఆ ఊహే రాలేదు. నేను పిల్లికి దిగడం నేర్పుతున్నానని అనుకుంటే, అది నాకు చేప పెట్టడం నేర్పింది.

"అది పైకే పోతాది అన్నా," అన్నాడు ఆరోగ్యం టీ ఊదుకుంటూ. "మనల్ని కిందికి పంపినారు, దాన్ని దేవుడు పైకి పంపినాడు. దానికంటూ ఒక ఎత్తు ఇస్తే మన ఎత్తులు వదిలేస్తాది."

ఉయ్యాలకు దూరంగా, కిటికీ పక్కన గోడకు, ఒక చెక్కపలకను కింద దిమ్మెలు కొట్టి నిలబెట్టాడు. పిల్లికి కట్టినట్టు లేదు, ఏనుగు ఎక్కినా కదలనట్టుంది. గోనెపట్టా పరిచి, దాని మీద ఎండుచేప పెట్టాం. స్కిప్పు ఎక్కింది, తింది, కిటికీలోంచి వీధిని చూసుకుంటూ పడుకుంది.

అందరూ లేచారు. చెంగల్రాయప్ప భార్య రాజమ్మ మాత్రం వెనక్కి వచ్చి గుసగుసగా అంది. "అన్నా, కోపం చేసుకోవద్దు. వారానికొకతూరి ఆ బెల్లు కొడతావా? డాక్టరు నడవమంటే నడవడు. ఈ పొద్దు పరుగెత్తినాడు."

నేను జవాబు చెప్పేలోగా మునెమ్మ వరండాలోకి వచ్చింది. బస్సు సంగతే చెబుతుందనుకున్నాను. ఆమె దూలానికి ఉన్న రైలు పట్టా ముక్కను విప్పి, ఆరోగ్యం చేతిలో పెట్టింది.

"పిల్లి ఉంటాది," అంది. "బెల్లు పోతాది."

కాబట్టి చదువరులారా, మీరే సాక్షులు. ఆ గనులన్నిటి మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను. పిల్లి ఫ్రిజ్ ఎక్కినా, బీరువా ఎక్కినా, చివరికి నా బట్టతల ఎక్కి కూర్చున్నా, ఈ చెయ్యి ఇక ఏ ఇనుమునూ మోగించదు. దిగమ్మా తల్లీ అని నోటితో అడుగుతాను. దిగకపోతే కుర్చీ వేసుకుని నేనే ఎక్కి దించుకుంటాను. కుర్చీ మీద నుంచి నన్ను దించడానికి మునెమ్మ ఎండుచేప చూపిస్తే మాత్రం, ముందే చెబుతున్నాను, నేనూ నోరు తెరుస్తాను.